అంత్యక్రియల డబ్బు ముందే కట్టేయవచ్చా? మా నాయన చేసుకున్న ఏర్పాటు చూసి చెప్తున్నా

కర్నూలులో ఒంటరిగా ఉంటున్నానని, అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి అమెరికాలో ఉన్నారని, ఎవరికీ భారం కాకుండా మీ అంత్యక్రియల ఖర్చు మీరే ముందుగా కట్టేయాలని ఉందని రాశారు. నెలనెలా వాయిదాలు కట్టించుకుని ఆ రోజు అన్నీ మేమే చూసుకుంటామన్న ఏజెంటును నమ్మవచ్చా అని అడిగారు.

అన్నా, డబ్బు వేరుగా పెట్టుకోండి, ఆ ఏజెంటుకు మాత్రం కట్టొద్దు. మా నాయన ప్రొద్దుటూరులో హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. తన చావు పనులకు తనే ఏర్పాట్లు చేసుకుని పోయారు. ఆ ఏర్పాట్లకు ఆయన వెంట తిరిగింది నేనే, ఆ డబ్బు ఖర్చు పెట్టిందీ నేనే.

మనవైపు చావు పనులు ఒక్కరి చేతిలో ఉండవని మీకు తెలియంది కాదు. ఐస్ పెట్టె ఒకరిది, బండి ఇంకొకరిది. తప్పెట్ల వాళ్ళు వేరు, గుంత తవ్వేవాళ్ళు వేరు, దినాలకు వంట మాస్టరు వేరు. వీళ్ళలో ఏ ఒక్కరూ పదేళ్ళ ముందు అడ్వాన్సు పుచ్చుకోరు. ఏజెంటైనా ఆ రోజు వీళ్ళకే ఫోన్ చేయాలి, అదీ అప్పటిదాకా అతనా కంపెనీలో ఉంటే. మీరు పోయిన కబురు కంపెనీకి చెప్పేదెవరు? రసీదు ఏ బీరువాలో ఉందో బెంగళూరులో ఉన్న పిల్లోడికి ఎట్లా తెలుస్తుంది? ఇట్లా అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించే స్కీములను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది, నిజమే. కానీ డబ్బు మునిగాక స్టేషన్ చుట్టూ తిరిగే వయసా మనది?

ఇంట్లో ఈ మాట ఎత్తితే "నోట్లోంచి అశుభం రానీకండి" అంటారు. మా అమ్మా అట్లాగే అంది. నాయన నవ్వి, తనతో పనిచేసిన ఉర్దూ మాస్టరు హజ్ నుంచి వచ్చేటప్పుడే జంజం నీళ్ళలో తడిపిన కఫన్ (శవానికి చుట్టే బట్ట) తెచ్చుకుని బీరువాలో పెట్టుకున్నాడని గుర్తుచేశారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి తన సమాధికి బృందావనం ముందే సిద్ధం చేయించుకుని 1671లో అందులో ప్రవేశించారు. మా కడప జిల్లాలో బ్రహ్మంగారిదీ జీవసమాధే. ఇట్లాంటి పెద్దలు నడయాడిన సీమలో ఈ మాట ఎత్తడానికి భయం ఎందుకో నాకర్థం కాదు.

ఇక ఖర్చు. అందరూ కట్టెలకో గుంతకో ఎక్కువవుతుందనుకుంటారు. మా ఇంట్లో మొదటి రోజుకు అయింది రూ. 30,000 లోపే. దినాలకు అయింది దానికి ఎన్నో రెట్లు. మూడోనాడు పాలు పోయడం చిన్న పనే. పెద్ద దినం దగ్గరే మనిషి చెయ్యి జారిపోతుంది. షామియానా, వచ్చినవాళ్ళకు బట్టలు, యాట కూర, తప్పెట్ల వాళ్ళకు మందు, ఊరేగింపుకు పూలరథం, టపాకాయలు. తక్కువ చేస్తే "పెద్దాయన అంత సంపాదించి పోతే పిల్లలు ఇంతేనా చేసేది" అంటారు. ఆ మాట పడలేక అప్పు చేసి మరీ దినాలు చేసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. కాబట్టి మీరు ముందుగా నిర్ణయించాల్సింది ఎంత డబ్బు ఉంచాలన్నది ఒక్కటే కాదు, ఏమేం వద్దో కూడా. మా నాయన తెల్లకాగితం మీద సొంత చేతిరాతతో రాశారు: పూలరథం వద్దు, టపాకాయలు వద్దు, మందు పోయొద్దు, దినాలకు 100 మందికి మించి పిలవొద్దు, ఆ భోజనం శాకాహారమే. బతికున్న కూతురు చెప్తే పిసినారితనం అంటారు గానీ పోయినాయన చేతిరాత చూపిస్తే ఎవరికీ నోరు పెగలదు.

ఆ కాగితంలో ఇంకో రెండు సంగతులున్నాయి. మాది పూడ్చే ఆనవాయితీ. మా జేజినాయన సమాధి మా చేనులోనే ఉండేది. ఆ చేను అమ్మేశాక నాయనను యాడ పూడ్చాలన్న ప్రశ్న వచ్చింది. ఆయన దహనమే చేయమని, అస్థికలు పుష్పగిరి దగ్గర పెన్నలో కలపమని రాశారు. రెండోది, అన్న కువైట్‌లో ఉంటాడు. ఒక్క రోజులో రాగలిగితే సరే, లేకపోతే తన కోసం ఆగొద్దని, తలకొరివి నన్నే పెట్టమని రాశారు. కాగితం రాసి ఊరుకోలేదు. చిన్నాయనను ఒక ఆదివారం భోజనానికి పిలిచి, ఎదురుగా కూచోబెట్టి చదివి వినిపించారు. ఆ రోజు రానే వచ్చినప్పుడు అన్నకు టికెట్ దొరకలేదు. ఆడపిల్ల కాటికి రావడమేందని బంధువులు లేచారు. చిన్నాయన ఒక్క మాటే అన్నాడు: "మా అన్న నాతో చెప్పినాడు. ఆయమ్మే పెడ్తాది." అంతటితో అయిపోయింది. అట్లాంటి కాగితాన్ని వారసులు పాటించి తీరాలని చట్టపరంగా బలవంతం లేదు. మీరు రాసింది నిలబడాలంటే మీవైపు మాట చెల్లే పెద్దమనిషికి ముందే చెప్పి ఉంచాలి. దాన్ని వీలునామాలో కలపొద్దు. వీలునామా ఎప్పుడూ దినాలయ్యాకే బయటికి తీస్తారు.

మీ అమ్మాయి అమెరికా నుంచి హైదరాబాద్‌లో దిగి కర్నూలు చేరేసరికి ఎంత లేదన్నా రెండు రోజులు. ఆమె కోసం ఆపాలా వద్దా అన్నది మీరే తేల్చి చెప్పండి, లేకపోతే ఆ భారం అబ్బాయి నెత్తిన పడుతుంది. ఆపమంటే ఎండాకాలం సంగతి ఆలోచించండి. ఐస్ పెట్టెకు ఆగకుండా కరెంటు ఉండాలి. మే నెలలో మన ఊళ్ళలో కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? జనరేటరు అద్దెకిచ్చేవాళ్ళ నంబరూ ఆ కాగితం మీదే రాసిపెట్టండి.

ఇప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలి. మీ ఒక్కరి పేరు మీదున్న ఖాతాలో ఎన్ని లక్షలున్నా ఆ రోజుకు పనికిరాదు. చనిపోయారని తెలిసిన వెంటనే బ్యాంకు ఆ ఖాతాను ఆపేస్తుంది. నామినీ ఉన్నా మరణ ధృవీకరణ పత్రం తెచ్చి క్లెయిమ్ పెట్టాలి, దానికి రోజులు పడతాయి. మీ ఫోన్‌లో పిన్ కొట్టో, ఏటీఎం కార్డుతోనో తీసుకోమని పిల్లలకు చెప్పొద్దు. మీరు పోయిన క్షణం నుంచి ఆ డబ్బు వారసులందరిదీ, రేపు అన్నాచెల్లెళ్ళ మధ్య అదే తగువవుతుంది. మా నాయన వేరుగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, నన్ను ఉమ్మడి ఖాతాదారుగా చేర్చి, "ఎవరో ఒకరు లేదా బతికున్నవారు" అన్న పద్ధతి పెట్టించారు. అందులో దీనికి సరిపోయే మొత్తం మాత్రమే ఉంచారు. ఎక్కువ పెట్టకండి, ఎందుకంటే మీరు బతికుండగానే రెండో మనిషి దాన్ని తీసేసుకోవచ్చు. వడ్డీకి ఆశపడి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే గడువుకు ముందు తీయడానికి మళ్ళీ ఒక చిక్కుంది. ఒకరు పోతే మిగిలినవారు తీసుకోవచ్చని ఇద్దరూ ముందే సంతకం చేసి ఇచ్చి ఉండకపోతే బ్యాంకు మిగతా వారసుల సమ్మతి అడుగుతుంది. డిపాజిట్ వేసే రోజే ఆ కాగితం అడిగి పూర్తి చేయండి. 2025 నవంబర్ 1 నుంచి ఒక ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకునే వీలొచ్చింది, కాబట్టి మిగతా ఖాతాల్లో ఇద్దరు పిల్లల పేర్లూ రాయండి. మీరు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన వారైతే మట్టి ఖర్చుల కింద వచ్చే డబ్బు గురించి పిల్లలకు చెప్పి ఉంచండి, చాలామంది అడగక వదిలేస్తారు. కొంత నగదు కూడా ఇంట్లో ఉండాలి. తప్పెట్ల వాళ్ళకు, గుంత తవ్వేవాళ్ళకు అప్పటికప్పుడు చేతిలో పెట్టాల్సిందే.

శరీరదానం సంగతి మీరు అడగలేదు గానీ కర్నూలులో ఉన్నారు కాబట్టి చెప్తున్నా. 1957 నుంచి అక్కడ మెడికల్ కాలేజీ ఉంది. అనాటమీ విభాగంలో సమ్మతిపత్రం ఇవ్వవచ్చు. పిల్లల సంతకాలూ తీసుకోండి, ఎందుకంటే ఆ రోజు వాళ్ళు అప్పగించకపోతే మీ పత్రం బీరువాలోనే ఉండిపోతుంది. పోస్టుమార్టం జరిగితే సాధారణంగా తీసుకోరు, అందుకే రెండో ఏర్పాటు కూడా రాసి ఉంచాలి. కళ్ళు ఇవ్వాలనుకుంటే ఆరు గంటల లోపే.

చివరగా ఒక చిన్న పని, మమ్మల్ని ఎక్కువ తిప్పింది ఇదే. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆస్పత్రిలో పోతే వాళ్ళే చూస్తారు, ఇంట్లో పోతే ఇంటివాళ్ళు మున్సిపాలిటీకి తెలపాలి. నమోదుకు నాయన ఆధార్ ఇచ్చాం. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాసుపుస్తకంలో పొడి అక్షరం, ఇంటి దస్తావేజులో పేరు చివర "గారు" కూడా చేరింది! మూడూ ఒకే మనిషివని నిరూపించడానికి అఫిడవిట్లు రాయించాల్సి వచ్చింది. మీ ఆధార్, పెన్షన్ పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, దస్తావేజు ఈ వారంలోనే పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మీరుండగానే సరిచేయించుకోండి, తర్వాత పిల్లలు తిరగడం కంటే అదే సులభం.