పాత చెక్కకు కొత్త మెత్త

ఇంటి సామాను: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వాడకుండా పక్కన పడేసిన టీపాయ్ ఒకటి ఉంది. పొడవు 48 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 16. గట్టి చెక్కే. మెత్త వేసి బెంచీగా మార్చుకుందామని ఉంది. ఎంత మందం ఫోమ్ వేయాలి? గుడ్డ ఎంత కొనాలి? ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

జవాబు: ముందు ఎత్తు లెక్క తేల్చుకోండి. మనిషి కూర్చున్నాక సీటు నేలకు 17, 18 అంగుళాల ఎత్తులో ఉంటే పాదాలు హాయిగా ఆనుతాయి. మీ టీపాయ్ మీద అరంగుళం ప్లైవుడ్, నాలుగంగుళాల ఫోమ్ వేస్తే 20న్నర అవుతుంది. కూర్చున్నప్పుడు అంగుళమో అంగుళంన్నరో దిగినా ఇంకా ఎత్తే. పొట్టివాళ్ల కాళ్లు వేలాడతాయి. కాబట్టి మొత్తం ఫోమ్ మూడంగుళాలు మించనివ్వకండి. కాళ్ల అడుగున అంగుళం కోయించగలిగితే సరిగ్గా 17న్నర దగ్గర కుదురుతుంది.

ఆ మూడంగుళాలూ ఒకే మెత్తటి ముక్క వేయకండి. అడుగున గట్టి చెక్క ఉంది కనుక కాస్త బరువున్న మనిషి కూర్చోగానే పిరుదులకు చెక్క తగులుతుంది. కింద అంగుళం మందం రీబాండెడ్ ఫోమ్ వేయండి. తుక్కు ముక్కలను అతికించి చేసే రంగురంగుల గట్టి ఫోమ్ అది. దాని మీద రెండంగుళాల మామూలు ఫోమ్, 32 నుంచి 40 డెన్సిటీది వేయండి. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకు ఎన్ని కేజీలు అని. గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. తేలికపాటి ఫోమ్‌ను కూడా గట్టిగా తయారుచేయొచ్చు. చేత్తో నొక్కితే బాగానే అనిపిస్తుంది, కొన్ని నెలలకే గుంట పడుతుంది. నొక్కి చూడడం కంటే తూకం వేయించడం నయం. 48, 18, 2 అంగుళాల కొలతల ముక్క 32 డెన్సిటీదైతే 900 గ్రాములు తూగాలి. 600 గ్రాములే వచ్చిందంటే అది 21 డెన్సిటీ ఫోమే, పైన ఏ ముద్ర ఉన్నా సరే.

గుడ్డ లెక్క ఇలా వేసుకోండి. ప్రతి వైపునా ఫోమ్ మందం 3, ప్లైవుడ్ అర, కిందికి మడిచి స్టేపుల్ పిన్ను కొట్టడానికి రెండున్నర. మొత్తం 6 అంగుళాలు. పైన పరిచే పాలిస్టర్ దూది కోసం ఇంకో అరంగుళం కలపండి. అంటే 48కి 13 కలిపి 61 పొడవు, 18కి 13 కలిపి 31 వెడల్పు. సోఫా గుడ్డ తాను సాధారణంగా 54 అంగుళాల పన్నా ఉంటుంది. మీ 61 అంగుళాలు పన్నాలో పట్టవు కనుక పొడవు వెంట కత్తిరించాలి. 1.6 మీటర్లు కావాలి, 23 అంగుళాల పట్టీ మిగిలిపోతుంది. దానితో ఒక దిండు గలేబు కుట్టుకోవచ్చు. ఇంకా బెంచీ చేయించుకోని పాఠకులకు ఇందులో ఒక కిటుకు ఉంది: బెంచీ పొడవు 40 అంగుళాలు దాటకపోతే ఆ పొడవు గుడ్డ పన్నాలోనే పట్టేస్తుంది, అప్పుడు మీటరు లోపే సరిపోతుంది.

ప్లైవుడ్ 12 మి.మీ. చాలు, కింద టీపాయ్ పలక ఆసరా ఎలాగూ ఉంది. మెత్త పూర్తయ్యాక టీపాయ్ అడుగు నుంచి ఆరు స్క్రూలు బిగించండి. పలక 18 మి.మీ., ప్లై 12 మి.మీ. అయితే 25 మి.మీ. స్క్రూ వాడాలి. 30 మి.మీ. స్క్రూ అయితే మొన ప్లై పైకి తేలి ఫోమ్‌కు తగలొచ్చు. టీపాయ్ పలకలో రంధ్రం స్క్రూ వదులుగా జారేంత ఉండాలి. మర రెండు చెక్కల్నీ పట్టుకుంటే మధ్యలో సందు ఎంత బిగించినా పూడదు.

ఖర్చు విషయానికొస్తే, గుడ్డ దగ్గర తగ్గించండి, ఫోమ్ దగ్గర వద్దు. నచ్చకపోతే గుడ్డ వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. ఫోమ్ కుంగితే పని మొదటికొస్తుంది.

ప్రశ్న: పాత పరుపు ఫోమ్ కోసి సీటుకు వాడుకోవచ్చా?

జవాబు: వాడుకోవచ్చు, అన్ని చోట్లా కాదు. పరుపు మధ్యభాగం, అంటే నడుము ఆనే చోటు ఎప్పుడో నలిగిపోయి ఉంటుంది. కాళ్ల వైపు నుంచీ అంచుల నుంచీ కోయండి. పసుపు రంగు తిరిగినంత మాత్రాన పారేయక్కర్లేదు, గాలి వెలుతురు తగిలి అలా అవుతుంది. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలితే మాత్రం పనికిరాదు. ఇంకో పరీక్ష: ఫోమ్ మందం కొలిచి, దాని మీద రాత్రంతా బరువు పెట్టి, పొద్దున తీసేసి గంట తర్వాత మళ్లీ కొలవండి. మూడంగుళాల ముక్క రెండున్నరకు వచ్చి అక్కడే ఆగిపోతే అది వీపు ఆనే దిండుకు పనికొస్తుంది, కూర్చునే చోటుకు కాదు.

ముక్కలు అతికి వాడాల్సి వస్తే పైన అంగుళం మందం కొత్త ఫోమ్ అఖండంగా పరవండి. లేకపోతే అతుకు గీత గుడ్డ మీద కనబడుతుంది, కూర్చున్నప్పుడూ తెలుస్తుంది. అతికేటప్పుడు రబ్బరు జిగురు రెండు ముఖాలకూ పలచగా రాసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక కలపాలి. తడిగా ఉండగానే అదిమితే జిగురు లోపలికి ఇంకి గట్టి గీతలా మిగిలిపోతుంది. కిటికీలు తెరిచి ఉంచండి, పొయ్యి దగ్గర అసలే వద్దు. బూజు వాసన వేసే ఫోమ్, కుట్ల వెంట నల్లటి చుక్కలున్న పరుపు (నల్లుల గుర్తు అది) ఇంట్లోకి తేకండి.

ప్రశ్న: భోజనాల బల్ల కుర్చీలకు సీటు పైకి ఊడి వచ్చే రకం. పాత గుడ్డ మీదే కొత్త గుడ్డ కొట్టించాం. ఇప్పుడు సీటు చట్రంలో దిగడం లేదు. ఒక కుర్చీకి గట్టిగా నొక్కితే మూల అతుకు విచ్చుకుంది. ఏం చేయాలి?

జవాబు: సీటు పలకకూ చట్రానికీ మధ్య ఒక్కో వైపు 2, 3 మి.మీ. ఖాళీ మాత్రమే ఉంటుంది. అది ఒక పొర గుడ్డ కోసం వదిలిన సందు. మూలల్లో మడతలు పడి అక్కడ గుడ్డ రెండింతలు, మూడింతలు అవుతుంది. మీరు దాని మీద ఇంకో పొర ఎక్కించారు. సీటును అలా నొక్కితే అది మేకులా పనిచేసి నాలుగు అతుకుల్నీ బయటికి నెడుతుంది. కుర్చీలు పాడవడానికి ఈ పని కూడా ఒక కారణం.

రెండు గుడ్డలూ ఊడదీయండి. పాత పిన్నులన్నీ తీసేయాలి. తుప్పు పట్టి విరిగినవి రాకపోతే లోపలికి దిగగొట్టండి. కొత్తది మందపాటి గుడ్డైతే పలక అంచులను ముందే గరుకు కాగితంతో రుద్ది, చట్రంలో పెట్టి చూసుకోండి. గుడ్డ ముక్క మడిచి సందులో దూర్చితే తేలిగ్గా జారాలి.

విచ్చుకున్న అతుకులో కొత్త జిగురు పోసి ఊరుకుంటే పట్టదు. చెక్క జిగురు చెక్కలోకి ఇంకాలి, ఎండిన పాత జిగురు మీద ఇంకదు. అతుకు పూర్తిగా విడదీసి, పాత జిగురు ఉలితో గీకి, చెక్క కనబడ్డాక తెల్ల జిగురు రాసి బిగించండి. బిగింపు పట్టీలు లేకపోతే నాలుగు కాళ్ల చుట్టూ తాడు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పండి. తాడు కింద గుడ్డ పెట్టకపోతే చెక్క మీద గాడి పడుతుంది. ఒక రోజు కదపకుండా ఉంచాలి. లోపలి మూలల్లో ముక్కోణపు చెక్క దిమ్మలు పెట్టి స్క్రూలు బిగిస్తే ఇంకా మంచిది. ఊగే కుర్చీకి మెత్త వేయడం దండగ.

ప్రశ్న: స్టేపుల్ గన్‌తో నేనే గుడ్డ బిగించాను. ముందు నాలుగు మూలలూ లాగి కొట్టి, తర్వాత అంచులు కొట్టాను. గీతల గుడ్డ కావడంతో గీతలు అలల్లా వంకర తిరిగాయి, మూలల్లో ముడతలు. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: మొదటి పిన్నులోనే జరిగింది. మూలలు ముందు బిగించేస్తే గుడ్డ ఐమూలగా సాగి, మిగిలిన వదులంతా అంచుల మధ్యకు చేరుతుంది. ఆ వదులును తర్వాత లాగినకొద్దీ గీతలు వంగుతాయి.

మళ్లీ మొదలుపెట్టండి, గుడ్డ పాడేం కాదు. గుడ్డ మధ్యలో సుద్దతో నిలువు గీత, అడ్డ గీత వేసి, పలక అడుగునా నాలుగు అంచుల నడిమి గుర్తులు పెట్టండి. పలకను తిరగేసి, ముందు అంచు నడుమ ఒక పిన్ను. వెనక అంచు నడుమ లాగి ఒకటి. తర్వాత కుడి, ఎడమ. ఈ నాలుగూ సగం దిగేలా కొట్టండి, తీయాల్సి వస్తే సులువు. పలక తిప్పి గీతలు తిన్నగా ఉన్నాయా చూడండి. అప్పుడు నడుమ నుంచి మూల వైపుగా అంగుళానికొక పిన్ను చొప్పున, ఒక వైపు నాలుగు కొట్టి ఎదుటి వైపు నాలుగు కొడుతూ వెళ్లాలి. మూలకు రెండంగుళాల ముందు నాలుగు వైపులా ఆగిపోవాలి.

లాగే తీరు కూడా ముఖ్యం. వేళ్లతో ఒక్క చోట చిటికెడు పట్టి లాగితే అక్కడే గుంట పడుతుంది, పక్కన ఉబ్బుతుంది. అరచేతితో సీటు అంచును అదుముతూ, గుడ్డను ఆ వెడల్పంతా ఒకేసారి కిందికి తేవాలి. ఫోమ్ అంచు కొంచెం గుండ్రంగా నలగాలి, చెక్క అంచు తగిలేంతగా కాదు.

ఇక మూల. గుడ్డ కొసను పలక మధ్య వైపు లాగి ఒక పిన్ను కొట్టండి. దానికి అటూ ఇటూ రెండు చెవులు మిగులుతాయి. లోపలి మందాన్ని కత్తిరించి, ముందువైపు చెవిని చివరన మడవండి. మడత నోరు పక్కకు తిరిగి ఉండాలి, ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనబడకూడదు. గుండ్రటి మూలైతే ఒక పెద్ద మడత వద్దు, చిన్నచిన్నవి ఐదారు పెట్టండి.

ప్లైవుడ్‌కు 8 లేక 10 మి.మీ. పిన్ను సరిపోతుంది. పైకి లేచి ఉన్నవాటిని సుత్తితో దించండి. పాలిస్టర్ దూదిని మాత్రం పలక అడుగుకు మడవకండి. అంచు దగ్గరే కత్తిరించాలి, లేకపోతే పిన్ను కింద ఉండలు కడుతుంది.

ప్రశ్న: దుప్పటి గుడ్డ, కర్టెన్ గుడ్డ సీటుకు పనికొస్తాయా?

జవాబు: రోజూ కూర్చునే సీటుకు దుప్పటి గుడ్డ నిలవదు. సోఫా గుడ్డలకు మార్టిన్‌డేల్ అనే రాపిడి పరీక్ష అంకె ఉంటుంది. ఇంటి వాడకానికి 20,000 దాటినది చూసుకోండి. పలచటి గుడ్డే ఇష్టమైతే కింద ముతక నూలు గుడ్డ ఒకటి ముందు బిగించండి. లాగుడంతా అది భరిస్తుంది, పై గుడ్డ మార్చడమూ సులువవుతుంది. మందపాటి జీన్స్ గుడ్డ గట్టిదే కానీ కొత్తదైతే రంగు బట్టలకు అంటుతుంది. ఉతికాకే వాడండి.

ప్రశ్న: రెక్సిన్ కవరు కుట్టు వెంటే చిరిగింది. కూర్చుంటే బుస్సుమని చప్పుడు కూడా.

జవాబు: రెండింటికీ కారణాలు వేరు. రెక్సిన్‌లో సూది రంధ్రం పూడదు. కుట్టు చిన్నగా, దగ్గర దగ్గరగా ఉంటే రంధ్రాల వరసే చింపడానికి వీలైన గీత అవుతుంది. మిషన్ కుట్టు పొడవు 4 మి.మీ. దగ్గర పెట్టండి, 16 నంబరు సూది, పాలిస్టర్ దారం, కుట్టు బయట అరంగుళం గుడ్డ వదలండి. ఊడదీసి అదే చోట మళ్లీ కుట్టకూడదు. గుండుసూదులు గుచ్చకుండా క్లిప్పులు పెట్టండి.

చప్పుడు గాలిది. రెక్సిన్ గుండా గాలి పోదు, కుట్ల సందుల్లోంచే బయటపడాలి, కుట్ల మీద ఒత్తిడి కూడా దానివల్లే. పలకలో 10 మి.మీ. రంధ్రాలు అరడజను వేసి అడుగున పలచటి గుడ్డ కప్పితే తగ్గుతుంది. పలకను ఇంకో చెక్క మీద బిగించి ఉంటే ఆ చెక్కకు కూడా రంధ్రాలు ఉండాలి.

ప్రశ్న: పాత టీవీ స్టాండు పార్టికల్ బోర్డుది, నాలుగడుగుల పొడవు. దీన్ని కూర్చునే బెంచీ చేయొచ్చా?

జవాబు: ఉన్నది ఉన్నట్టు వద్దు. టీవీ బరువు కదలదు. మనిషి దబ్బున కూర్చుంటాడు, పక్కకు ఒరుగుతాడు. పార్టికల్ బోర్డు అంచులో స్క్రూ పట్టు తక్కువ, తడి తగిలితే ఉబ్బి అది కూడా పోతుంది. పై పలక తీసేసి 18 మి.మీ. ప్లైవుడ్ వేయండి. దాని కింద ప్రతి 16, 18 అంగుళాలకు ఒక నిలువు చెక్క నేల దాకా ఉండాలి. బరువు నిలువు చెక్కల మీద పడాలి కానీ స్క్రూల మీద వేలాడకూడదు. వెనక మేకులతో కొట్టిన పలచటి హార్డ్‌బోర్డు ఉంటుంది చూడండి, అందరూ లెక్కచేయనిది, స్టాండు పక్కకు ఒరిగిపోకుండా ఆపేది అదే. దాని స్థానంలో 6 మి.మీ. ప్లై స్క్రూలతో బిగించండి. బోర్డు ఇప్పటికే ఉబ్బి ఉంటే దాని మీద గుడ్డ, ఫోమ్ తగలేయకండి.

ప్రశ్న: చెక్క పెట్టె మూతకు మెత్త వేశాక మూత పూర్తిగా తెరుచుకోవడం లేదు, మూసేటప్పుడూ భయంగా ఉంది.

జవాబు: మెత్త వెనక అంచు దాటి బయటికి ఉబ్బింది. మూత తెరిచినప్పుడు ఆ ఉబ్బు గోడకో పెట్టె వెనక పలకకో తగులుతుంది. బందులున్న వైపు ఫోమ్‌ను అంచుకు అరంగుళం లోపలే ఆపి, ఆ వైపు పాలిస్టర్ దూది మడవకుండా గుడ్డ ఒక్కటే దించండి. బందుల కిందికి గుడ్డ మడత రాకూడదు, వస్తే బందు ఎత్తుకుని మూత వంకరగా కూర్చుంటుంది. గుడ్డ, ఫోమ్ వేశాక మూత బరువు పెరుగుతుంది కనుక పాత గొలుసు చాలదు. మెల్లగా దిగే మూత ఆసరాలు రెండు వైపులా బిగించండి. పిల్లలున్న ఇంట్లో ముందు అంచున అరంగుళం సందు ఉండేలా రెండు రబ్బరు బిళ్లలు అతికించండి. వేళ్లు నలగవు, ఎవరైనా లోపల దూరినా గాలి ఆడుతుంది. తాళం గొళ్లెం ఉంటే తీసేయండి.