గదిలో వీడియో, గుమ్మం దాటితే ఫిల్ము

ప్రశ్న: 1970ల నాటి బ్రిటిష్ సీరియళ్లలో ఇంటి లోపలి సన్నివేశాలు నున్నగా ఉంటాయి. పాత్రలు వీధిలోకి రాగానే బొమ్మ గరుకుగా మారిపోతోంది. మా డీవీడీ పాడైందంటారా?

జవాబు: డిస్కు బాగానే ఉందండీ. అప్పట్లో లోపలి సన్నివేశాలను స్టూడియో సెట్లో ఒకేసారి మూడు నాలుగు ఎలక్ట్రానిక్ కెమెరాలతో తీసి వీడియో టేపు మీదికి ఎక్కించేవారు. ఆ కెమెరాలు బరువు, పైగా కేబుళ్లు. అందుకే వీధి సన్నివేశాలకు 16 ఎంఎం ఫిల్ము కెమెరా పట్టుకెళ్లేవారు. కంటికి తగిలే తేడా గరుకుదనం ఒక్కటే కాదు, కదలిక కూడా. టేపు సెకనుకు 50 ఫీల్డులు, అంటే 50 సగం బొమ్మలు పట్టుకుంటుంది. టీవీ కోసం తీసే ఫిల్ముకి 25 ఫ్రేములే, అంటే 25 నిండు బొమ్మలే. బ్రిటిష్ టీవీ హాస్య బృందం మాంటీ పైథాన్ దీని మీద జోకే వేసింది: భవనం దాటిన పెద్దమనుషులు తాము ఫిల్ములో ఉన్నామని గ్రహించి హడలిపోయి లోపలికి పరుగెడతారు!

‘ఐ, క్లాడియస్’ (1976) మొత్తం స్టూడియో టేపే కాబట్టి అతుకు కనిపించదు. ‘బ్రైడ్స్‌హెడ్ రీవిజిటెడ్’ (1981) మొత్తం ఫిల్మే. ‘బాయ్స్ ఫ్రమ్ ద బ్లాక్‌స్టఫ్’ (1982) అయిదు భాగాల్లో నాలుగు వీడియో, ‘యోసర్స్ స్టోరీ’ ఒక్కటే ఫిల్ము. వరసగా చూస్తే ఆ తేడా కథకే కలిసొచ్చిందనిపిస్తుంది.

కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూస్తే వీడియో మెనూలో డీఇంటర్లేస్ (సగం బొమ్మలను నిండు బొమ్మలుగా మార్చే సౌకర్యం) ఆన్ చేసి ‘యాడిఫ్ 2ఎక్స్’ ఎంచుకోండి. 50 ఫీల్డులూ 50 ఫ్రేములవుతాయి. ‘బ్లెండ్’ పెడితే కదిలే చేతుల వెనక నీడలు పడతాయి. అసలు ఆన్ చేయకపోతే అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి.

ప్రశ్న: 120 నిమిషాల బ్రిటిష్ సినిమా, అక్కడి డీవీడీలో 115 నిమిషాలకే అయిపోయింది. ఏం కోసేశారు?

జవాబు: ఏమీ కోయలేదు, వేగం పెంచారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, బ్రిటన్‌లో వాడే పాల్ (PAL) టీవీ పద్ధతి డీవీడీకి 25. కాబట్టి 120 నిమిషాలు 115 నిమిషాల 12 సెకన్లవుతాయి. శ్రుతి కూడా అరస్వరానికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. ప్లేయర్లో వేగం 0.96 పెట్టండి. ఆడియో టైమ్ స్ట్రెచింగ్ (వేగం మారినా శ్రుతి మారకుండా ఆపే సౌకర్యం) ఆపకపోతే మాత్రం వేగం తగ్గినా గొంతులు సన్నగానే ఉంటాయి. 25 ఫ్రేములతోనే తీసిన టీవీ నాటకాలకు ఇది చేయకండి, గొంతులు బొంగురుపోతాయి.

ప్రశ్న: రంగుల్లో ప్రసారమైన కొన్ని ఎపిసోడ్లు ఇప్పుడు నలుపు తెలుపులోనే దొరుకుతున్నాయెందుకు?

జవాబు: టేపు ఖరీదు. నటుల, సంగీతకారుల సంఘాలతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకూ పరిమితులుండేవి. దాంతో టేపులు చెరిపి మళ్లీ వాడేశారు. మిగిలినవి చాలావరకు విదేశాలకు అమ్మడానికి తెర మీది బొమ్మను 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్ము మీదికి ఎక్కించిన ప్రతులు. 2013లో ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు తొమ్మిది (ఇవి మొదట్నుంచీ నలుపు తెలుపువే) నైజీరియాలో బయటపడ్డది అలాగే. కొన్ని ప్రతుల్లో అసలు రంగు సిగ్నల్ సన్నటి చుక్కలుగా ఫిల్ము మీద పడిపోయింది. ఆ చుక్కలనే చదివి 2008లో ‘డాడ్స్ ఆర్మీ’ ఎపిసోడ్ ఒకదానికి రంగులు తిరిగి తెచ్చారు. ఫిల్టరు వేసి చుక్కలు తీసేసిన ప్రతులకు ఆ దారి లేదు.

ప్రశ్న: వెడల్పు టీవీలో పాత సీరియల్‌ని తెర నిండా చూడొచ్చా?

జవాబు: వద్దు. పాత టీవీల 4:3 బొమ్మను (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు) జూమ్ చేస్తే ఎత్తులో పావు వంతు పోతుంది, సాగదీస్తే మనుషులు లావవుతారు. పక్కల నల్లపట్టీలను ఉండనివ్వండి.