పోపు వాసనకి కట్టిన 640 డాలర్లు

ప్రశ్న: అక్కా, మాది నిజాంపేట. పెళ్ళై ఆర్నెల్లయింది, మార్చిలో న్యూజెర్సీ వెళ్తున్నాను. అక్కడ అపార్ట్‌మెంట్లలో పోపు వేస్తే వాసన వారం దాకా పోదట, పక్కవాళ్ళు కంప్లైంట్ చేస్తారట. ఎవరిని అడిగినా భయపెడుతున్నారు. ఇల్లు ఫ్రెష్‌గా ఉండటానికి ఇంట్లోనే చేసుకునే చిట్కాలు చెప్పండి. ఇక్కడి నుంచి ఏమేం పట్టుకెళ్ళాలి?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. నీ ప్రశ్న వనస్థలిపురంలో మా అమ్మ ఇంట్లో కూర్చుని చదివాను. ఏటా సంక్రాంతికి వచ్చి రెండు నెలలు ఇక్కడే ఉంటాను. నేను చదువుతుండగానే అమ్మ పచ్చిపులుసులో పోపు పెట్టింది. ఎండుమిర్చి ఘాటు హాల్లోకి వచ్చింది, అందరం రెండు తుమ్ములు తుమ్మాం, వరండా తలుపులోంచి అది బయటికి పోయింది. అంతే, అయిపోయింది. మన ఇళ్ళల్లో ఈ పని గాలి చేసిపెడుతుంది, జీతం అడగకుండా. అక్కడ దీనికి కూడా డబ్బు పెట్టాలి. తెలివితక్కువగా పెడితే చాలా పెట్టాలి. నేను పెట్టాను.

నేను అమెరికా వెళ్ళింది 2004లో. అప్పుడు డాలరు 45 రూపాయలు. ఒక బెడ్‌రూమ్ ఇల్లు, నెలకి 900 అద్దె, ఒకటిన్నర నెల అద్దె డిపాజిట్, అంటే 1,350. వంటిల్లు తప్ప గడప నుంచి గోడ దాకా లేత గోధుమరంగు కార్పెట్. స్టవ్ మీద ఫ్యానూ లైటూ ఉన్న ఒక పెట్టె. అది చూసి నేను చిమ్నీ అనుకున్నాను. పోపు వేసినప్పుడల్లా ఫ్యాను పెట్టేసి, పొగంతా బయటికి పోతోందని నిశ్చింతగా ఉన్నాను. ఎనిమిది నెలల తర్వాత ఒకరోజు పై అరలోంచి డబ్బా తీయబోతూ నేను ఆ పెట్టె ముందుకి వంగితే, వేడి వేడి ఇంగువ గాలి నా మొహానికే కొట్టింది. పెట్టె పైభాగంలో సన్నటి చీలికలున్నాయి, కింద పీల్చిన గాలిని అక్కడి నుంచి మళ్ళీ ఇంట్లోకే వదులుతోంది. పాత అపార్ట్‌మెంట్లలో ఇవే ఎక్కువ. నువ్వు దిగిన రోజే ఫ్యాను వేసి, ఆ చీలికల దగ్గర ఒక కాగితం ముక్క పట్టుకో. కాగితం రెపరెపలాడితే, నీదీ నాలాంటి ఇల్లే.

ఆ ఎనిమిది నెలలూ నేనేం చేశానంటే, సెంట్లు కొన్నాను. గోడ ప్లగ్గులో పెట్టే సెంటు బుడ్డీలు, వాటికి నెలనెలా రీఫిల్లు, మూడు వత్తుల కొవ్వొత్తులు, బాత్రూమ్‌కి వేరే, కార్పెట్ మీద చల్లే సెంటు పౌడరు. నేను పైసా పైసా లెక్క రాసే మనిషిని, ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. మొదటి ఏడాది సెంట్లకి 212 డాలర్లు. రూపాయల్లో 9,540. మా అమ్మ ఆ రోజుల్లో ఆ డబ్బుతో నాలుగు నెలలు ఇల్లు గడిపేది. ఫలితం? లావెండర్ తోటలో ఎవరో మిరపకాయ బజ్జీల బండి పెట్టినట్టు ఉండేది ఇల్లు.

విషయం చాలా చిన్నది, నాకే ఆలస్యంగా బుర్రకెక్కింది. మనం వేయించినప్పుడు నూనె సన్నటి తుంపరలుగా లేచి, చల్లబడిన చోటల్లా వాలుతుంది. అలమార తలుపుల మీద, ఫ్రిజ్ నెత్తిన, కర్టెన్ల మీద, ఆ ఫ్యాను జల్లెడలో. వాసన ఆ జిడ్డుని పట్టుకుని కూర్చుంటుంది. జిడ్డు కడగకుండా ఎన్ని సెంట్లు కొట్టినా, స్నానం చేయకుండా అత్తరు పూసుకున్నట్టే. ఫ్యాను కింద ఉన్న లోహపు జల్లెడ ఊడి వస్తుంది. సింకులో మరుగు నీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, రెండు చెంచాల వంటసోడా వేసి, పావుగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. మొదటిసారి నీళ్ళు పాత ఇంజనాయిల్‌లా వచ్చాయి, చూసి నాకే సిగ్గేసింది. నెలకోసారి చేస్తే చాలు. లోపల నల్లటి బొగ్గు ఫిల్టర్ ఉంటే దాన్ని కడగకూడదు, మార్చుకోవాలి. వంటయ్యాక స్టవ్వూ, దాని వెనక గోడా సబ్బునీళ్ళ గుడ్డతో రోజూ తుడిచెయ్. ఖర్చు సున్నా.

వంటసోడా, తెల్ల వెనిగర్. ఈ రెండూ ఉంటే మిగతావి కొనక్కర్లేదు. సోడా చిన్న డబ్బా డాలరో డాలరున్నరో, వెనిగర్ గ్యాలన్ అంటే దాదాపు మూడు ముప్పావు లీటర్లు, నాలుగైదు డాలర్లు. అయితే ఏది ఎక్కడ అన్నది తెలియాలి, నాకు తెలియక కొంప మునిగింది. పులిసిన వాసనలకి సోడా. ఫ్రిజ్‌లో పులిసిపోయిన పెరుగు, బూట్లు, చెమట పట్టిన పరుపు, ఇవి. నీచు వాసనకి పులుపు. చేప నీచు క్షార గుణం ఉన్నది, పులుపు తగిలితే అణుగుతుంది. చేప ముక్కలకి నిమ్మరసం పట్టించి కడగడం మనకి కొత్తా? కానీ చదువుకున్నదాన్ని కదా, అమ్మ చేసేది ఎందుకు చేస్తుందో ఆలోచించలేదు.

2005 జూన్‌లో మృగశిర కార్తె వచ్చింది. ఇక్కడ ఆ రోజు రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు కదా. నాకూ చేప తినాలనిపించింది. బంగ్లాదేశీ వాళ్ళ కొట్లో గడ్డకట్టిన రవ్వ చేప తెచ్చి, ఏసీ నడుస్తోందని కిటికీలన్నీ మూసి, సగం వేయించాను, సగం పులుసు పెట్టాను. పులుసు అమృతం, ఆ మాట చెప్పుకోవాలి. మర్నాడు పై అంతస్తు ఆవిడ వచ్చి, చాలా మర్యాదగా, మీ ఇంట్లో ఏదైనా పైపు లీకవుతోందా అని అడిగింది. నేను తలుపు సగమే తెరిచి లేదన్నాను. ఇప్పుడైతే చేప వేయిస్తూనే పక్క పొయ్యి మీద ఒక గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు, అరకప్పు వెనిగర్ సన్నటి సెగ మీద పెడతాను. ఎదురెదురు కిటికీలు రెండు పది నిమిషాలు తెరుస్తాను, జనవరి మంచులోనైనా సరే. పది నిమిషాలకి హీటర్ బిల్లు పెరిగేది చిల్లర, నేను లెక్కేశాను.

ఇక అసలు 640 డాలర్ల కథ. అదే ఏడాది సాంబారు గిన్నె చేతిలోంచి జారి కార్పెట్ మీద పడింది. పసుపు మరక, చపాతీ అంత. సోడాతో ఏ మరకైనా పోతుందని ఎవరో అన్నారు. సోడాని నీళ్ళతో ముద్దచేసి దాని మీద దట్టంగా పట్టించాను. నా కళ్ళముందే పసుపు ఎర్రబడింది. మామూలు ఎరుపు కాదు, పారాణి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని, దిష్టినీళ్ళు అలాగే ఎర్రబడతాయని తెలియని ఆడపిల్ల మన దగ్గర ఉంటుందా? సున్నం ఎలాగో సోడా అలాగే, రెండూ క్షారమే. ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ క్షణం గుర్తు రాలేదు. ఖాళీ చేసేటప్పుడు ఆ మరకకి, కార్పెట్‌లో దిగిన వాసనకి కలిపి డిపాజిట్‌లో 640 డాలర్లు కోసుకుని, 710 చేతిలో పెట్టారు. 28,800 రూపాయలు తల్లీ! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామూలు అరుగుదలకి డబ్బు కోయకూడదని, నెలలోపు లెక్క రాసి ఇవ్వాలని అక్కడ రూల్సున్నాయి. అవి నువ్వు ఆన్‌లైన్‌లో చూసుకోగలవు, నీ లీజు కూడా చదువుకో. ఇల్లు చేతికిచ్చిన రోజే ప్రతి మూలా తేదీతో ఫోటోలు తీసి పెట్టుకో, నేను తీయలేదు.

పసుపు పడితే ఇలా చెయ్: రుద్దకు, పాత గుడ్డతో అద్ది అద్ది పీల్చు. తర్వాత నీళ్ళు కలిపిన వెనిగర్ అద్దు. ఆపైన కర్టెన్ తీసి ఎండ తగలనివ్వు, పసుపు ఎండకి వెలిసిపోతుంది. మామూలు వాసనకైతే సోడా మంచిదే. పొడి కార్పెట్ మీద పొడిగా పలచగా చల్లి, అరగంట ఆగి వాక్యూమ్ చెయ్. పలచగా అన్నాను, గుర్తుపెట్టుకో. నేను డబ్బా మొత్తం చల్లి వాక్యూమ్ ఫిల్టర్ బిగుసుకుపోయేలా చేశాను, అదొక ఇరవై డాలర్లు.

సోడా, వెనిగర్ కలిపి సీసాలో పోసి స్ప్రే చేసుకోమని చెప్పేవాళ్ళు చాలామంది. బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ళలాంటిదే. రెండు డబ్బాలూ దండగ. వెనిగర్‌ని బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకు, క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. బాత్రూమ్ యాసిడూ బ్లీచింగ్ పౌడరూ కలిపినా అంతే. మా అమ్మ ఇంట్లో పనమ్మాయి పోయినేడు అలా కలిపి, గంటసేపు దగ్గుతూ గేటు దగ్గర కూర్చుంది.

సాంబ్రాణి సంగతి. శుక్రవారం సాయంత్రం ధూపం వేయకపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదు. చార్మినార్ దగ్గర కొట్టు కొట్టుకీ లోబాన్ పొగ తిప్పే ఊళ్ళో పెరిగాం మనం. అక్కడ వేసిన మొదటి శుక్రవారం పొగ అలారం మోగింది. నేను స్టూలెక్కి టవల్ విసురుతూ, మా ఆయన కింద నుంచి అరుస్తూ. అలారానికి గుడ్డ చుట్టడం, బ్యాటరీ తీయడం మాత్రం చేయకు. ధూపానికి బదులు దాల్చినచెక్క, రెండు లవంగాలు, నారింజ తొక్కలు నీళ్ళలో వేసి సిమ్‌లో మరిగించు. బిర్యానీ వండిన రోజైతే అదీ అక్కర్లేదు, ఆ వాసన పోగొట్టుకోవడం దేనికి? టైమర్ పెట్టుకో కానీ. నేను ఫోన్‌లో మా అక్కతో మాట్లాడుతూ మర్చిపోతే నీళ్ళిగిరి గిన్నె మాడింది. 18 డాలర్ల గిన్నె.

తొక్కలతో బెల్లం వేసి పులియబెట్టే ద్రావణం ఇప్పుడు ఇక్కడ ఇంటింటా చేస్తున్నారు. ఒకపాలు బెల్లం, మూడుపాలు నిమ్మ, బత్తాయి తొక్కలు, పదిపాళ్ళు నీళ్ళు, మూడు నెలలు. నేల తుడవడానికి, సింకుకి బాగుంటుంది. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గ్యాస్ వదలాలి, సీసా పావువంతు ఖాళీగా ఉంచాలి. నేను రెండు రోజులు న్యూయార్క్ చూడ్డానికి వెళ్ళి వచ్చేసరికి సీసా పగిలి, సింకు కింద అలమార అంతా బత్తాయి రసం.

కోట్లు వంటింటి దగ్గర తగిలించొద్దు. పడగ్గది అలమారలో పెట్టి, వంటకి ముందే ఆ తలుపు మూసెయ్. ఒక్క కోటు డ్రైక్లీనింగ్‌కి 14 డాలర్లు నాకు, అది కూడా ఆ కాలంలో.

పట్టుకెళ్ళడానికి ఏమీ వద్దు. సోడా, నిమ్మకాయలు అక్కడా దొరుకుతాయి, పెట్టెలో కిలో బరువు ఎంత విలువో మీ తరానికి తెలియదు, అన్నీ రెండు రోజుల్లో గుమ్మానికి వస్తాయి కదా. కర్పూరం మండే సరుకు, విమానంలో వద్దు. పిల్లలు మింగితే మూర్ఛలొస్తాయి కూడా. కుంకుడుకాయల్లాంటివి రానిస్తారా లేదా కస్టమ్స్ వాళ్ళ సైట్‌లో చూసుకో. రెండు పాత నూలు లుంగీలు మాత్రం పెట్టుకో, తుడవడానికి అంత మంచి గుడ్డ డాలర్లు పోసినా దొరకదు.

ఇన్నేళ్ళ అనుభవం ఉందని మొన్న అమ్మకి నా వెనిగర్ మహిమ చూపించబోయాను. ఈ ఇల్లు 1988లో కట్టింది, హాలంతా తాండూరు బండలు. ఒక బండ మీద నూనె మరకుంటే వెనిగర్ పోసి, పది నిమిషాలు నాననిచ్చి తుడిచాను. మరక పోయింది, దాంతోపాటు నునుపూ పోయింది. తాండూరు బండ సున్నపురాయి, పులుపు దాన్ని తినేస్తుంది. పళ్ళెమంత మేర తెల్లగా, గరుకుగా. పాలిష్ అతన్ని పిలిస్తే చదరపు అడుగుకి 40 అన్నాడు, ఒక్క బండ కోసం మిషన్ తేను, హాలు మొత్తమైతేనే అన్నాడు. హాలు 220 అడుగులు. 8,800 రూపాయలు. నేను ఫోన్ తీసి డాలర్లలోకి మార్చబోతుంటే అమ్మ పూజగదిలోంచి పీట తెచ్చి ఆ మరక మీద వేసింది. "నువ్వు పోయినంక చూసుకుంటం తియ్యి బిడ్డా, అప్పటిదాంక గీ పీట ఉండనీ" అంది.

నిన్నటి నుంచి ఇంట్లో ఒక్కొక్కరం ఆ పీట తగిలి కాళ్ళు కొట్టుకుంటున్నాం.