గుజ్జు ఫ్యాక్టరీ ఉద్యోగం, కెనడా పీఆర్‌కు కావాల్సిన లెటర్

ప్రశ్న: మా అమ్మాయి చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మూడున్నరేళ్లు క్వాలిటీ విభాగంలో పనిచేసింది. కెనడా ఆన్‌లైన్‌లో వలస దరఖాస్తుదారులను ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ (నైపుణ్య ఉద్యోగులకు ఉన్న విభాగం) కింద కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) అప్లై చేసుకోమని ఇన్విటేషన్ వచ్చింది. దానికి చేసిన ఉద్యోగం వివరాలన్నీ ఉన్న లెటర్ కావాలి. ఫ్యాక్టరీ వాళ్లు రెండు లైన్ల ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇచ్చి, ఇంతకంటే ఇవ్వలేమన్నారు. తిరుపతిలో ఒక ఏజెంటు డబ్బిస్తే లెటర్‌హెడ్ మీద లెటర్ తానే చేయిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అయ్యా, ముందు ఆ ఏజెంటుకు ఫోన్ చేసి వద్దని చెప్పండి. దొంగ లెటర్ అని తేలితే అప్లికేషన్ పోవడంతో ఆగదు, ఐదేళ్ల పాటు కెనడా తలుపులు మూసుకుపోతాయి. అమ్మాయి నిజంగా చేసిన ఉద్యోగానికి దొంగ కాగితం ఎందుకు?

ఇన్విటేషన్ వచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో అప్లికేషన్ పెట్టాలి. కాబట్టి ఫ్యాక్టరీ వాళ్లే రాసిస్తారని చూస్తూ కూర్చోవద్దు. చిన్న ఫ్యాక్టరీల్లో హెచ్ఆర్ అంటూ ఎవరూ ఉండరు, ఓనరుకు ఈ లెటర్‌లో ఏముండాలో తెలియదు. చాలాసార్లు "ఇవ్వం" అనే మాటకు అసలు అర్థం "ఏం రాయాలో తెలీదు" అనే. అమ్మాయే డ్రాఫ్టు రాసుకుని వెళ్లి, "సార్, ఇందులో తప్పేమైనా ఉంటే దిద్ది సంతకం పెట్టండి" అని అడగాలి. మామిడి సీజన్ నడుస్తుంటే మాత్రం లోడ్లు దిగే వేళ పోవద్దు.

ఆ లెటర్ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. అడ్రసు, ఫోను, ఈమెయిలు, అమ్మాయి పేరు, హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏడాది జీతం, పీఎఫ్ లాంటి సౌకర్యాలు రాయాలి. పై అధికారి గానీ సిబ్బంది వ్యవహారాలు చూసేవారు గానీ పేరు, హోదాతో సంతకం చేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆమె చేసిన పనుల వివరం. "క్వాలిటీ చూసేది" అంటే చాలదు. గుజ్జు బ్రిక్స్ (తీపి శాతం), ఆమ్లత కొలవడం, అసెప్టిక్ (సూక్ష్మక్రిములు లేని) బ్యాగులు నింపేటప్పుడు శాంపిళ్లు తీయడం, ల్యాబ్ రిజిస్టర్లు రాయడం లాంటివి ఆమె ఏవి చేసిందో అవి రాయాలి. ఎన్ఓసీ కోడ్ (కెనడా ప్రభుత్వ ఉద్యోగాల వర్గీకరణలో ఒక్కో ఉద్యోగానికి ఇచ్చిన నంబరు) కింద ఉన్న వాక్యాలను ఉన్నదున్నట్టు దించేయవద్దు. అలాంటి లెటర్ చూస్తే ఆఫీసర్‌కు అనుమానం వస్తుంది.

గంటల దగ్గర ఒక సంగతి. సీజన్‌లో రోజుకు పన్నెండు గంటలు చేసి ఉండొచ్చు. కానీ వారానికి 30 గంటలకు మించినవి అనుభవం లెక్కలోకి రావు. మీరు రాయలేదు గానీ, సీజన్ అయిపోయాక కూడా ఆమెకు పని, జీతం ఉన్నాయా? కనీసం ఒక ఏడాది అనుభవం ఎడతెగకుండా ఉండాలి. సీజన్‌లో మాత్రమే పనిచేసి, ప్రొఫైల్‌లో మూడున్నరేళ్లూ పూర్తిగా చూపించి ఉంటే, ఇప్పుడే ఇన్విటేషన్ వద్దని చెప్పి ప్రొఫైల్ సరిచేసుకోండి. అలా డిక్లైన్ చేస్తే ప్రొఫైల్ మళ్లీ పూల్‌లోకి, అంటే ఇన్విటేషన్ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలోకి వెళ్తుంది. ఊరికే 60 రోజులు దాటనిస్తే మాత్రం కొత్తగా మొదలుపెట్టాల్సిందే.

ఓనరు ఎంత అడిగినా సంతకం పెట్టకపోతే, అప్పట్లో ఆమె పై అధికారిగా ఉన్న వ్యక్తి ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి. ఆయన స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన అఫిడవిట్ ఇవ్వొచ్చు. దానికి ఆ రెండు లైన్ల సర్టిఫికెట్, అపాయింట్‌మెంట్ ఆర్డరు, పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16 ఉంటే అదీ జతచేయండి. లెటర్ ఎందుకు రాలేదో వివరంగా రాసి పెట్టాలి. ఫ్యాక్టరీకి పంపిన ఈమెయిళ్లు, వాళ్ల జవాబులు కూడా చూపించాలి. అందుకే నోటిమాటగా అడిగినదాన్ని ఇవాళే ఈమెయిల్‌లో ఇంకోసారి అడగమనండి. లెటర్ ఉన్నంత ధీమా దీనికి ఉండదు, తుది నిర్ణయం ఆఫీసర్‌దే. అయినా ఇవన్నీ నిజమైన కాగితాలు, రేపు ఎవరు ఫోన్ చేసి అడిగినా అమ్మాయి తడబడకుండా జవాబు చెప్పగలదు.