రాడార్ తరంగాల్ని శోషించాలా, ఇంకించాలా?

సందేహం: రాడార్‌కు తేలిగ్గా చిక్కని స్టెల్త్ విమానాల మీద పూసే పదార్థం రాడార్ తరంగాలను ‘గ్రహిస్తుంది’ అని ఒకరు, ‘శోషిస్తుంది’ అని ఇంకొకరు, ‘పీల్చేస్తుంది’ అని మరొకరు రాస్తున్నారు. ఏది ఒప్పు?

సమాధానం: ‘గ్రహించు’ను ముందే పక్కన పెట్టేద్దాం. రాడార్ యాంటెన్నా చేసే పనీ గ్రహించడమే కదా. విమానమూ గ్రహించి, రాడారూ గ్రహిస్తే ఇక ఎవరు ఎవరికి దొరికినట్టు?

అసలు కథ శోషణం దగ్గరుంది. దీని మూలం సంస్కృతంలో ‘శుష్’ ధాతువు, అంటే ఎండిపోవడం. శుష్కం, శుష్కించడం, శుష్క వాగ్దానాలు అన్నీ దాని సంతానమే. నీరసించి కళ్లు తిరిగితే ‘శోష వచ్చింది’ అంటామే, అదీ ఆ ఇంటిదే. మన్మథుడి ఐదు బాణాల్లో ఒకటి శోషణం, అది తగిలినవాళ్లు ఎండి చిక్కిపోతారు. ఎండిపోయేవాడి మాటను మన సైన్సు పుస్తకాలు తాగేవాడికి అంటగట్టాయి! అయితే ఆ ఐదింట్లో తాపనం అనే బాణం కూడా ఉంది, కాగబెట్టేది. పూతలో జరిగేది చూడండి. పెయింటులో కలిపిన కార్బొనిల్ ఇనుము (శుద్ధమైన ఇనుప పొడి) కంటికి ఆననంత చిన్న పూసలుగా ఉంటుంది, 10 గిగాహెర్ట్జ్ తరంగం తాకగానే ఆ పూసల్లోని అయస్కాంతత్వం సెకనుకు 1000 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగాల్సి వస్తుంది, ఊగలేక వెనకబడుతుంది, ఆ పెనుగులాటలో తరంగం శక్తి కాస్తా వేడైపోతుంది. ముందు శోషణం, వెంటనే తాపనం.

ఇంతకీ మనకు ‘ఇంకు’ ఉండగా ఈ తిప్పలెందుకు? నీరు నేలలోకి ఇంకుతుంది, చెరువు ఇంకిపోతుంది. లోపలికి పోవడం, ఎండిపోవడం రెండూ ఒక్క మాటలో! సంస్కృతానికి సర్దిచెప్పుకోవాల్సి వచ్చిన చోట తెలుగుకి ఆ అవసరమే లేదు. ‘రాడార్ తరంగాలను ఇంకించుకునే పూత’ అంటే నా చెవికి ఇంపుగా ఉంది. పాఠ్యపుస్తకంలో ‘శోషించే’ పాతుకుపోయింది కాబట్టి దాన్ని తప్పనలేను. ‘పీల్చే’ కూడా మాట్లాడేటప్పుడు చెల్లుతుంది, కానీ పీల్చింది మళ్లీ వదలాలేమో అని నాకో చిన్న అనుమానం.

‘అదృశ్య విమానం’ అని రాసేవాళ్లను మాత్రం కాస్త మందలించాలి. అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117 పగలు ఎగిరితే ఎవరికైనా కనిపిస్తుంది, నల్లగా, పలకలు పలకలుగా. ఆ పలకలు చాలా తరంగాలను పక్కకు మళ్లిస్తాయి, మిగిలినవాటిలో కొన్నిటిని పూత ఇంకించుకుంటుంది.