గుండె సంగతి సరే, డబ్బా సంగతి చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాలు చదివాను. జపాన్ యానిమేషన్ సినిమాల మీద తెలుగులో ఇంత ఇష్టంగా రాసేవాళ్లు ఎక్కువమంది కనపడరు. అందుకే ‘బాగుంది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా వివరంగా రాస్తున్నాను.

యుద్ధకాలంలో దిక్కులేనివాళ్లైన అన్నాచెల్లెళ్ల కథ ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ మీద రాసినదాంట్లో ‘గుండె పిండేసింది’ అన్న మాట పేజీకోసారి వస్తోంది. పిండేసే ఉంటుంది, కాదనను. కానీ ఏది పిండేసిందో ఎక్కడా చెప్పలేదు. చిన్నపిల్ల సెత్సుకో దగ్గరుండే చప్పరించే బిళ్లల రేకు డబ్బాని అరవాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలమ్మాయ్. బిళ్లలు అయిపోయాక అన్న సెయిటా ఆ డబ్బాలో నీళ్లు పోసి, గిలక్కొట్టి చెల్లికిస్తాడు. అది తాగి, ద్రాక్ష, స్ట్రాబెర్రీ అంటూ రుచులు పేరుపేరునా లెక్కపెడుతుంది. ఆ తర్వాత అదే పిల్ల ఆకలికి ఆడుకునే గాజుబిళ్లల్ని నోట్లో వేసుకుని చప్పరిస్తుంది. పైగా ఆ డబ్బా మనకి కొత్తది కాదు. సినిమా మొదట్లోనే సన్నోమియా స్టేషన్లో సెయిటా చనిపోయాక, ఊడ్చేవాడు దాన్ని చీకట్లోకి విసిరేస్తే లోపలున్న సెత్సుకో ఎముకలు బయట పడతాయి. పిల్లలిద్దరూ బతకరని దర్శకుడు తకహాతా ముందే చెప్పేశాడు. అందుకే ఆ తర్వాత డబ్బా గలగలమన్న ప్రతిసారీ వాళ్ల సంతోషం మనకి భయం పుట్టిస్తుంది. ఇంతవరకూ రాసి ఊరుకో. ఏడవాలో వద్దో చదివేవాళ్లు చూసుకుంటారు.

పిల్లలిద్దరూ తలదాచుకున్న ఇంటావిణ్ని, అదే అత్త వరస ఆవిణ్ని, రాక్షసి అన్నావు. మొదటిసారి చూసినవాళ్లు చాలామంది అలాగే అంటారు. చచ్చిపోయిన తల్లి కిమోనోలు అమ్మి బియ్యం తెచ్చి, తనవాళ్లకి అన్నం పెట్టి వీళ్లకి గంజి పోస్తుంది కాబట్టి అనబుద్ధేస్తుంది. కానీ బ్యాంకులో అమ్మ దాచిన 7,000 యెన్‌లు ఉన్నాయన్న ధీమాతో చెల్లిని తీసుకుని ఇల్లు వదిలేసింది సెయిటా. వెనక్కి వెళ్లి ఆవిణ్ని క్షమించమని అడుగు అని ఒక రైతు చెప్పినా వినడు. ఆ పిల్ల చావులో ఈ పిల్లాడి పంతానికి వాటా ఎంత? నువ్వు ఈ ప్రశ్న దగ్గర తడబడి ఉంటే వ్యాసం ఇంకో ఎత్తుకి వెళ్లేది. తకహాతా తొమ్మిదేళ్ల వయసులో ఒకాయామా నగరం మీద జరిగిన బాంబు దాడిలోంచి బతికి బయటపడ్డ మనిషి. అయినా తన సినిమాని యుద్ధ వ్యతిరేక చిత్రం అంటే ఒప్పుకోలేదు. దర్శకుడి జీవిత విశేషాలు ఇలాంటి చోట పనికొస్తాయి. నువ్వేమో పుట్టిన తేదీలు, అవార్డులతో తొలి పేజీ నింపేశావు. అవి ఎవరికైనా ఫోన్లో దొరుకుతాయి.

ఇక ‘మై నైబర్ టొటోరో’. ‘మనసుకి హాయిగా ఉంది’ అన్నావు. హాయే, కాని ఆ ఇంట్లో తల్లి లేదు, ఆసుపత్రిలో ఉంది. దర్శకుడు మియాజాకీ తల్లి కూడా వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచాన పడింది. వానలో బస్ స్టాప్ సీను మళ్లీ చూడు. నాన్న బస్సు రాలేదు, చీకటి పడింది, చెల్లెలు మెయి అక్క సాత్సుకి వీపు మీద నిద్రపోయింది. గొడుగు అంచు కింది నుంచి ముందు గోళ్ల పాదాలు మాత్రమే కనిపిస్తాయి. సాత్సుకి తల ఎత్తేదాకా మనకీ పూర్తిగా తెలియదు. గొడుగు ఇస్తే టొటోరో అనే ఆ పెద్ద జీవి దాని మీద చినుకుల చప్పుడు విని మురిసిపోయి, ఒక్కసారి ఎగిరి దూకి, చెట్టు మీది నీళ్లన్నీ దబదబా రాలేలా చేస్తుంది. ఇల్లు చూసుకునే భారమంతా మోస్తున్న ఆ అక్క అక్కడ కాసేపు మళ్లీ చిన్నపిల్ల అవుతుంది. నీ హాయి అక్కడిది. ఈ రెండు సినిమాలూ 1988 ఏప్రిల్ 16న ఒకే టికెట్టు మీద విడుదలయ్యాయి. ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్ల పరిస్థితి ఊహించుకో.

ఇంకో దర్శకుడు షింకాయ్ సినిమాల మీద రాసింది పక్కన పెట్టేయ్. ఆకాశం బాగుందని అందరూ రాశారు. నీకు ఆయన కథ నచ్చలేదని నాతో ఫోన్లో అన్నావు, అది రాయి. అభిమానులు తిడతారని టెన్షన్ పడకు, తిడితే తిట్టనీ.

‘యానిమే అంటే పిల్లల బొమ్మలు కాదు’ అని మొదలెట్టిన పేరా కొట్టేయ్. జపాన్ వాళ్లతో కలిసి తీసిన 1993 నాటి యానిమేషన్ రామాయణం 2025 జనవరిలో తెలుగులో మన హాళ్లకొచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్లో ‘డీమన్ స్లేయర్’ యానిమే సినిమా తెలుగు డబ్బింగ్‌తో విడుదలైంది. నీ పాఠకుడికి ఆ సంజాయిషీ అక్కర్లేదు.

‘స్పిరిటెడ్ అవే’ వ్యాసం మాత్రం ముట్టుకోవద్దు. హకు అనే కుర్రాడు ఇచ్చిన అన్నం ముద్దలు తింటూ చిన్నపిల్ల చిహిరో బొటబొటా కన్నీళ్లు కార్చే చోట, హాస్టల్ మెస్‌లో మొదటి రాత్రి నువ్వు చారన్నం ముందు కూర్చున్న సంగతి తెచ్చావు. రెండే వాక్యాలు, సరిగ్గా కావలసిన చోట. చివర్లో ‘జీవితం మనకి నేర్పేదేమిటంటే’ అని ఒక పేరా తగిలించావు, అది తీసేసి నెలాఖరులోగా పంపు. పేర్లు కూడా సరిచూసుకో, ఒకచోట సెయిటా, ఇంకోచోట సీతా అని పడింది.