ఈ వయసులో మంత్రగాళ్ళ కథలా?

ప్రశ్న: నా వయసు 67. కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి తెనాలిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవడు పదో తరగతి. ఊసుపోక వాడి అలమరలోంచి హ్యారీ పోటర్ మొదటి భాగం తీశాను. ఇప్పటికి ఐదు భాగాలు అయిపోయాయి. రాత్రి భోజనాలయ్యాక ఆ కథలోని మంత్రాల బడిలో ఒక మాస్టారు మంచివాడా, దొంగా అని నేనూ మనవడూ వాదించుకుంటాం. ఈమధ్య వాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. కోడలు ఆరో భాగం తీసి అటక మీద పెట్టేసింది. వాడు బతిమాలితే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనే స్టూలు వేసుకుని దించి ఇచ్చాను. దొరికిపోయాం. పెద్ద గొడవైంది. ఇంటికొచ్చిన మా బావమరిది అందరి ముందూ ‘ఈ వయసులో భాగవతం చదువుకోవాలి గానీ మంత్రగాళ్ళ కథలేంటి బావగారూ’ అన్నాడు. నాకు నిజంగా చాదస్తం పట్టిందా? మానేయాలా? ఇంకొకటి. కథలో మలుపు రాగానే ‘చూశావా’ అంటూ పక్కకు తిరుగుతున్నాను. పూర్వం వారపత్రిక రాగానే సీరియల్ నేను పైకి చదివేవాణ్ణి. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మానేయక్కర్లేదండీ. ఐదో భాగం ఇంగ్లీషు పుస్తకం 766 పేజీలు. 67 ఏళ్ళకి దాన్ని చదివి, అందులో మాస్టారి మీద మనవడితో వాదనకు దిగిన మనిషికి చాదస్తం ఉందంటే నేను నమ్మను. కళ్ళజోడు పవరు మాత్రం ఒకసారి చూపించుకోండి.

బావమరిది గారికి జవాబు మన పుస్తకాల్లోనే ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు 12 భాగాలు. వాటిలో కథలు చెప్పేది ఎవరు? మణిసిద్ధుడనే యతి, అదీ కాశీయాత్రకు పోతూ. తోడుగా వచ్చే పశువుల కాపరి కుర్రాడు డబ్బడగలేదు, దారి పొడుగునా కథలు చెప్పమన్నాడు. మజిలీ చేరగానే ఊళ్ళోకి పోయి అంతుపట్టని వింత ఏదో చూసి వస్తాడు, ఇదిలా ఎందుకుందని అడుగుతాడు. స్వామివారు ఆ ముడి విప్పుతారు. మారువేషాలు, మంత్రతంత్రాలు, మోసాలు, అన్నీ ఉంటాయి. సన్యాసికి లేని తప్పు మీకు ఎక్కడినుంచి వచ్చింది? భాగవతం చదవాలనిపిస్తే చదవండి. ఒకటి చదివితే రెండోది మైలపడదు.

మీకు ఈ రుచి కొత్తగా పుట్టింది కూడా కాదు. మీ వయసు వాళ్ళు చందమామలో ‘పాతాళ దుర్గం’, ‘శిథిలాలయం’ వచ్చే నెలల్లో పోస్టు కోసం వీధి గుమ్మంలో నిలబడ్డవాళ్ళు. కాస్త మీసాలు వచ్చాక అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. హ్యారీ పోటర్‌లో ఈ రెండూ కలిసిపోయాయి. పైకి కనిపించేవి మంత్రదండాలు, ఎగిరే చీపుళ్ళు. లోపల నడిచేది మాత్రం అసలు సిసలు డిటెక్టివ్ కథ. అనుమానమంతా ఒకరి మీదికి తోలి, చివర్లో ఇంకొకరిని పట్టిస్తారు. మీరు అందులో పడిపోయారంటే నాకేమీ వింతగా లేదు.

అటక దగ్గర మాత్రం నేను మీ కోడలి పక్షం. మీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఆ అమ్మాయి ‘మామయ్యగారూ, మీరు చదవకండి’ అన్నట్టు ఎక్కడా లేదు. ఆవిడ టెన్షనంతా పిల్లవాడి పదో తరగతి. తల్లి దాచిన పుస్తకం తాతయ్య దించి ఇస్తే, అమ్మ మాటకు దొడ్డిదారి ఉందని వాడికి తెలిసిపోయింది. రేపు ఫోను దగ్గరా అదే దారి వెతుకుతాడు. పైగా ఎవరూ లేని ఇంట్లో, ఈ వయసులో, స్టూలు మీద! జారిపడి ఉంటే పుస్తకం సంగతి ఎవరికి గుర్తుండేది?

కాబట్టి, కోడలు ఒక్కతే తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్ళి, పెద్దరికం కాసేపు పక్కన పెట్టి చెప్పండి: ‘అమ్మా, దించి ఇవ్వడం నాదే పొరపాటు. పరీక్షలయ్యేదాకా వాడికి ఆరో భాగం ఇవ్వను, నేనూ చదవను.’ ఆ చివరి ముక్క ముఖ్యం. మీరు ఎదురుగా కూర్చుని పేజీలు తిప్పుతుంటే వాడికి త్రికోణమితి ఎక్కుతుందా? కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఈ కథ మొదటి భాగం 1997లో వస్తే ఏడోది వచ్చింది 2007లో. నాలుగో దాని తర్వాత ఐదో దానికి పిల్లలు మూడేళ్ళు కాచుకున్నారు. మీరు ఏప్రిల్ దాకా ఆగలేరా? ఈలోపు పాత యుగంధర్లు తిరగేయండి. రాత్రిపూట నిద్ర పోగొట్టుకోకుండా ఉండాలంటే అధ్యాయం చివర కాకుండా మధ్యలో ఆపండి. ఇలాంటి కథల్లో చివరి పేరాలోనే తర్వాతి దాని ఎర పెడతారు.

కోడలు కాస్త మెత్తబడ్డాక, భోజనాల తర్వాతి అరగంట కబుర్లు మాత్రం ఉంచమని అడగండి. పొద్దంతా చదివిన పిల్లవాడికి ఆ మాత్రం నవ్వు కావాలి. లెక్కల్లో ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నాడో కూడా కనుక్కోండి. మార్కులు తగ్గింది హ్యారీ వల్లే అని మీరెవరూ ఇంకా తేల్చలేదు.

‘చూశావా’ అని పక్కకు తిరగడానికి కంగారు పడకండి. అన్నేళ్ళ అలవాటు ఏడాదిన్నరలో పోదు. అయితే ఆవిడ చోటులో మీకు తెలియకుండానే మనవణ్ణి కూర్చోబెట్టినట్టున్నారు. అందుకే వాడు బతిమాలితే కాదనలేకపోయారు. పదిహేనేళ్ళ పిల్లవాడు అంత మోయలేడు. జూన్‌లో ఇంటర్ అంటూ ఏ హాస్టల్‌కో పంపితే మీకు మళ్ళీ అదే వెలితి. సాయంత్రం పూట లైబ్రరీకి వెళ్ళండి, మీలాంటి డిటెక్టివ్ పిచ్చోళ్ళు ఒకరిద్దరు తగలకపోరు. తిండీ నిద్రా తప్పి, పుస్తకం మీదా మనసు పోని రోజులు వరసగా వస్తే మాత్రం డాక్టరుకు చూపించుకోండి, లేదా మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ కట్టక్కర్లేదు.

ఇంత ఉత్తరంలో మీ అబ్బాయి గురించి ఒక్క ముక్క రాయలేదు. మీరు సీరియల్ పైకి చదువుతుంటే ఆ ఇంట్లో వింటున్నది మీ ఆవిడ ఒక్కతే అయి ఉండదు. మంచం మీద పడుకుని, నిద్రపోయినట్టు నటిస్తూ అతనూ విని ఉంటాడు. అతనికీ అమ్మ పోయి ఏడాదిన్నరే. ఈ ఆదివారం అడగండి, అమ్మకు ఏ సీరియల్ ఇష్టమో గుర్తుందా అని. గుర్తు లేదంటే కథ మీరే చెప్పండి, మొదటినుంచీ.